తడిస్తే మాయం, ఆరితే ప్రత్యక్షం

నేను హైదరాబాదులో ట్యాక్సీ నడుపుతాను. ఆర్సీ మీద పేరు నాదే, దాని కింద హైపోతికేషన్ గడిలో మాత్రం బ్యాంకు పేరుంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రాత్రి డ్యూటీలు చేయడం నాకు అలవాటు. ట్రాఫిక్ తక్కువ, కిరాయి కాస్త నయం. మాది నల్లగొండ జిల్లా. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఉద్యోగం కంటే ముందు డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చింది, ఆ తర్వాత ఉద్యోగం వైపు చూడనేలేదు. చదువు మాట గొప్పకు చెప్పడం లేదు. ఈ కథలో దానితో పనిపడింది కాబట్టి చెబుతున్నాను.

ఒక జూన్ నెలలో నా కుడికాలు విరిగింది. కారు నడుపుతూ కాదు, బైకు మీద కూరగాయలకు పోయి వస్తుంటే వెనక నుంచి ఆటో తగిలింది. మోకాలి కింది ఎముక, లోపల రాడ్డు వేశారు. డ్రైవరుకు కుడికాలు పోయిందంటే బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ పోయినట్టే. వానాకాలమంతా మంచానికే అతుక్కున్నాను. మా గల్లీలో కారును అన్నాళ్లు కదపకుండా ఉంచే జాగా లేదు. నాగోలులో ఒక అపార్టుమెంటుకు మా బావమరిది వాచ్‌మన్. సెల్లారులో మూలకు ఎవరికీ కేటాయించని జాగా ఉంటే, సెక్రటరీని బతిమాలి మా బండి అక్కడ పెట్టించాడు. ఎండ తగలదు, పిట్టల రెట్ట పడదు, దొంగల భయం లేదు. ఆ జాగా దొరకడమే మా అదృష్టమని మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది.

ఆ మూలకు సరిగ్గా పైన, నేలమట్టంలో పూలమొక్కల మడి ఉంది. దానికి రోజూ పోసే నీళ్లు, పైన పడే వాన, రెండూ మట్టిలోంచి శ్లాబులోకి దిగి పగుళ్ల వెంట కిందికి కారతాయి. సిమెంటు గట్టిపడేటప్పుడు దాని లోపల కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది. మన ఇళ్లకు వేసే తడి సున్నం అదే. శ్లాబులోంచి దిగే నీరు ఆ సున్నాన్ని కరిగించుకుని వస్తుంది. చూడటానికి తేటనీటి చుక్కే, పీహెచ్ మాత్రం 12 దాటి ఉంటుంది. గాలి తగిలితే అందులోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారి గట్టిపడుతుంది. పాత సెల్లార్లలో కప్పుకు తెల్లగా, సన్నగా గొట్టాల్లా వేలాడేవి అవే. బొర్రా గుహల్లోని ఊడలదీ ఇదే పదార్థం. అక్కడ రాయి కరిగి పేరుకోవడానికి వేల ఏళ్లు పడుతుంది, ఇక్కడ సిమెంటు పుణ్యమా అని నెలల్లోనే మొలుస్తాయి. అలాంటి గొట్టాలు నా బండి మీద వరసగా వేలాడుతున్నాయి. నేను మంచంలో ఉన్నన్నాళ్లూ వాటి కొసల నుంచి చుక్కా చుక్కా ముందద్దం మీద పడుతూనే ఉంది.

దీనికి తోడు బావమరిది ప్రేమ. ‘‘బావా, అద్దం తెల్లగైతున్నది. నేను కడుగుతున్నలే, నువ్వు ఫికర్ చెయ్యకు’’ అని ఫోనులో చెప్పేవాడు. కడిగింది బోరు నీళ్లతో. ఆ బోరు నీళ్లకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ల అంచులకు గార కడుతుంది. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని బీఐఎస్ నిబంధన. ఆ 600 లెక్కే తీసుకున్నా, పదిహేను లీటర్ల బకెట్టు నీళ్లు మొత్తం ఆవిరైతే తొమ్మిది గ్రాముల సున్నం మిగులుతుంది. అదంతా అద్దం మీదే నిలవదు నిజమే. కానీ గుడ్డతో తుడవకుండా దానంతటది ఆరనిస్తే కొంతైనా నిలుస్తుంది. పైగా సెల్లారులో ఎండ ఉండదు కాబట్టి తడి త్వరగా పోదు, గంటల తరబడి అద్దాన్ని పట్టుకునే ఉంటుంది. అతన్ని నేనేమీ అనలేదు. రూపాయి తీసుకోకుండా కడిగిన మనిషిని ఏమంటాం?

దసరా దాటాక కట్టె పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. దీపావళికి కట్టె కూడా వదిలేశాను. అప్పటికి కిస్తీలు బకాయి పడ్డాయి. బ్యాంకు నుంచి ఫోన్లు మొదట ‘‘సార్’’ అంటూ వచ్చేవి, ఆ నెలకు ఆ మర్యాద కూడా పోయింది. బ్యాటరీ మార్పించి బండి బయటికి తీశాను. పగటి వెలుతురులో అద్దం మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. కొన్ని పావలా బిళ్లంత, కొన్ని చింతగింజంత. పై అంచు నుంచి వైపర్ల దాకా కారిన చారలు వేరే. దగ్గరగా చూస్తే ప్రతి మచ్చకూ నడిమధ్య పల్చగా, అంచు చుట్టూ చిక్కగా ఒక వలయం ఉంది. చుక్క ఆరేటప్పుడు అంచు ముందుగా ఆరుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీళ్లు అంచుకు పారుతూ సున్నాన్ని అక్కడికే మోసుకుపోతాయి. బల్ల మీద ఒలికిన కాఫీ మరకకు అంచు నల్లగా ఉండేదీ ఇందుకే. గోరుతో గీరితే గరుకుగా తగిలింది, ఊడి రాలేదు. సబ్బునీళ్లతో కడిగితే మచ్చలన్నీ మాయమయ్యాయి. సంతోషపడి టీ తాగి వచ్చేసరికి ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

పగలు పెద్ద ఇబ్బంది లేదు. మచ్చల మధ్యలోంచి రోడ్డు కనబడుతుంది, కంటికి కొద్దిసేపట్లో అలవాటవుతుంది. అసలు బాధ చీకటి పడ్డాక. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పదకొండున్నర కిలోమీటర్లు స్తంభాల లైట్లు వరసగా ఉంటాయి. ఒక్కొక్క లైటు దగ్గరికి వచ్చేసరికి అద్దం మీద మచ్చలన్నీ ఒక్కసారిగా వెలిగి, ఆ లైటు దాటగానే ఆరిపోయేవి. మళ్లీ తర్వాతి లైటు. ఎదురుగా వచ్చే బండి హై బీమ్ పెడితే ఒక్కో మచ్చా ఒక్కో దీపమైపోయి ముందు ఏముందో తెలిసేది కాదు. సూటిగా రావాల్సిన కాంతి ఆ గరుకు మీద పడి నలుదిక్కులా చెదిరితే కంటికి చేరేది తెల్లటి తెర మాత్రమే. ఆ తెర వెనక మనిషి ఉన్నా, గేదె ఉన్నా ఒకటే. సన్నటి జల్లు పడిందా, ఇంకా ఘోరం. వైపరు రబ్బరు ఆ ముద్దల మీద ఎక్కి దిగుతూ గడగడమని ఎగిరేది. అది దాటేసిన చోట నీళ్లు అలుకుడు పెట్టినట్టు మిగిలేవి.

అయినా డ్యూటీలు మానలేదు. మానే స్థితి లేదు.

కార్తీకంలో ఒక రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి నల్లగొండ జిల్లా మల్లేపల్లికి కిరాయి దొరికింది. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకతను, అతన్ని తీసుకుపోవడానికి వచ్చిన తండ్రి, భార్య, చేతిలో పసిపిల్ల. డిక్కీ నిండా పెట్టెలు. దూరం కిరాయి, నాకు పండగే అనిపించింది. ఔటర్ మీద ఉన్నంతసేపూ బాగానే ఉంది. బొంగ్లూరు గేటు దగ్గర దిగి సాగర్ రోడ్డు ఎక్కాక డివైడరు లేని చోట లారీలు ఎదురు రావడం మొదలైంది. ఇబ్రహీంపట్నం దాటాక తుంపర పట్టుకుంది. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన రోడ్డు చూడటం మానేసి నన్నే చూడసాగాడు. నేను స్టీరింగు మీదికి వంగి, మచ్చలు తక్కువగా ఉన్న సందులోంచి మెడ వంచి చూస్తూ నడుపుతున్నాను.

యాచారం దాటాక ఎదురు లారీ ఒకటి లైటు దించకుండా వచ్చింది. అద్దం అంతా తెల్లబడింది. లారీ పోయి ఆ తెలుపు తగ్గేసరికి నా ముందు పెద్ద నల్లటి ఆకారం. పత్తి బోరాలు ఎత్తుగా కట్టిన ట్రాక్టరు ట్రాలీ, వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. రాడ్డు వేసిన కాలితోనే బ్రేకు తొక్కాను. బండి తడి రోడ్డు మీద కొంచెం జారి, ట్రాలీ వెనక తలుపు అందుకునేంత దూరంలో ఆగింది. బోరాల నుంచి బయటికొచ్చిన పత్తి పోగులు గాలికి ఊగుతూ నా లైట్ల వెలుగులో కనిపించాయి. ట్రాక్టరు వాడికి ఏమీ తెలియదు, పాటలు పెట్టుకుని పోతూనే ఉన్నాడు. వెనక పసిపిల్ల లేచి ఏడుపు అందుకుంది.

‘‘బిడ్డా, నీకు కండ్లు మంచిగ కనబడ్తలేవా?’’ అని అడిగాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

‘‘కండ్లు మంచిగనే ఉన్నయి పెద్దయ్యా. అద్దమే ఖరాబైంది.’’

ఆయన అరచేతితో లోపలి వైపు అద్దాన్ని తుడిచి చూశాడు, పోలేదు. ఇక ఏమీ అనలేదు. మాల్ సెంటరు రాగానే ‘‘ఈడ ఆపు బిడ్డా’’ అన్నాడు. కొడుకు వాళ్ల మేనమామకు ఫోను చేశాడు. టీ కొట్టు అరుగు మీద పెట్టెలు దింపుకుని, పసిపిల్లను చీర చెంగులో చుట్టుకుని కూర్చున్నారు. నేను వద్దంటున్నా అక్కడిదాకా అయిన కిరాయి లెక్కకట్టి చేతిలో పెట్టాడు. వాళ్ల బండి వచ్చేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను. తెల్లవారే వరకు ఆ టీ కొట్టు దగ్గరే ఉండి, వెలుతురు వచ్చాక బండి తీసుకుని తిరిగొచ్చాను.

తర్వాతి రోజు అడ్డా మీద సంగతి చెబితే తలా ఒక మందు చెప్పారు. పేపరుతో తుడువు, పళ్ల పేస్టు రాయి, కొబ్బరి పీచు పెట్టి రుద్దు, డీజిలు కొట్టు. డీజిలు జిడ్డును కరిగిస్తుంది గానీ సున్నాన్ని ఏమీ చేయలేదు. పేస్టులో సన్నటి పొడి ఉంటుంది కాబట్టి కాస్త మెరుగు వస్తుంది, కానీ ఆ లెక్కన ఒక ముందద్దానికి ఎన్ని ట్యూబులు కావాలి? సున్నానికి మందు పులుపు. అది మా అమ్మకూ తెలుసు, ఇత్తడి బిందె చింతపండుతో తోమేటప్పుడు ఆమె కెమిస్ట్రీ పుస్తకం తెరవలేదు.

కిరాణా కొట్టులో వెనిగర్ తెచ్చాను. నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు ఒక మచ్చ మీద దూదితో ఒక చుక్క వేసి, ముఖం దగ్గరగా పెట్టి చూశాను. వలయం చుట్టూ ఆవగింజ కన్నా చిన్న బుడగలు లేచాయి. కాలేజీ ల్యాబులో కార్బొనేటు పరీక్షకు చూసిన బుడగలే. ప్రాణం లేచివచ్చింది. పేపరు న్యాప్‌కిన్లు వెనిగర్లో ముంచి అద్దమంతా పరిచి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పాను. వెనిగర్లో ఎసిటిక్ యాసిడ్ నాలుగైదు శాతమే, అందుకే దానికి సమయం ఇవ్వాలి. అంచుల్లో రబ్బరు మీద, బానెట్ మీద కారినవి వెంటవెంటనే నీళ్లతో కడుగుతూ కూర్చున్నాను. తీసి, ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా నెడితే తెల్లటి పొక్కు లేచి వచ్చింది. అందనివాటికి మళ్లీ, మరీ మొండివాటికి నిమ్మకాయ చెక్క. సాయంత్రానికి గోరుతో అద్దమంతా తడిమితే ఎక్కడా గరుకు లేదు. వైపరు ఎగరకుండా తిరిగింది.

అద్దం ఆరింది. తెల్లటి సున్నం లేదు. కానీ మచ్చ ఉన్న ప్రతిచోటా మంచు పట్టినట్టు ఒక మసక వలయం అలాగే ఉంది. వేలికి తగలదు, కంటికి తగులుతుంది. నీళ్లు చల్లితే పోతుంది, ఆరితే వస్తుంది. మళ్లీ వెనిగర్ పెట్టాను, ఈసారి బుడగలు లేవు. అంటే అక్కడ కరగడానికి సున్నం మిగల్లేదు. ఆ రాత్రి గల్లీ చివర లైటు కింద బండి పెట్టి లోపల కూర్చుని చూశాను. వలయాలన్నీ వెలిగాయి.

ఇక్కడ ఇన్సూరెన్సు సంగతి చెప్పాలి. అడ్డా మీద ఒకతను, వయసులో నాకంటే పెద్దవాడు, పక్కకు పిలిచి ‘‘తమ్మీ, ఇంత తిప్పలెందుకు? ఒక కంకర రాయి తీసుకో, చేతులు నొయ్యకుంట ఒక్క దెబ్బ ఎయ్యి. లారీ టైరు కింది రాయి లేచి తగిలిందని రాసియ్యి’’ అన్నాడు. మరకలకు, అరుగుదలకు ఇన్సూరెన్సు రాదు, పగిలితే వస్తుంది. పైగా రబ్బరుకు, ప్లాస్టిక్కుకు తరుగుదల కోస్తారు గానీ అద్దానికి కోయరు. ఆ రాత్రి రాయి చేతిలోకి తీసుకున్న మాట నిజం. వేయలేదు. నీతి అనుకుంటే నీతి, కాకపోతే లెక్క. క్లెయిం పెడితే నో క్లెయిం బోనస్ పోతుంది, వచ్చే ఏడు ప్రీమియం పెరుగుతుంది. సర్వేయరు వచ్చి చూసి, లెక్క తేలి అద్దం పడేదాకా బండి షెడ్డులో నిలబడాలి. నిలబడ్డ బండికి కిస్తీ ఎవరు కడతారు? చేతి డబ్బుతో కొత్త అద్దం వేయించుకుందామంటే షోరూం వాళ్లు ఎనిమిది వేలకు పైన చెప్పారు. అప్పుడు నా దగ్గర ఎనిమిది వందలు కూడా ఖాళీగా లేవు.

బాత్‌రూం కడిగే యాసిడ్ పోయమన్నవాళ్లూ ఉన్నారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, సున్నాన్ని క్షణంలో తినేస్తుంది. వైపరు చేతినీ, బానెట్ అంచునీ, రంగునీ కూడా అదే ఆకలితో తింటుంది. నా అద్దం మీద తినడానికి సున్నమే లేదు కాబట్టి దాని అవసరం రాలేదు.

అంతకన్నా భయపడింది ఒక కార్ల వాషింగ్ షెడ్డులో. పేరు చెప్పను. అక్కడి కుర్రాడు ‘‘అన్నా, మా దగ్గర లోషన్ ఉంది, రెండు నిమిషాల్లో అద్దం కొత్తదైతది’’ అని తెల్లటి ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. డబ్బా మీద లేబులు లేదు. మూత తీస్తే ఘాటు. కుర్రాడి చేతులకు గ్లౌజులు లేవు, వేళ్ల కొసలు నానినట్టు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ చర్మం లేచి ఉంది. నొప్పి లేదా అని అడిగితే ‘‘రాత్రిపూట సలుపుతదన్నా’’ అన్నాడు. అద్దాన్ని కరిగించేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దాని లవణాలు. అందుకే దాన్ని గాజు సీసాలో పెట్టరు, ప్లాస్టిక్‌లో పెడతారు. పల్చటిదైతే చర్మం మీద పడ్డప్పుడు తెలియదు, గంటల తర్వాత లోపల సలుపుతుంది, ఎముక దాకా పోతుంది. ఆ డబ్బాలో ఉన్నది అదేనని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ వేళ్లు చూశాక అక్కడ ఒక్క నిమిషం నిలబడలేదు. చేతులు నీళ్ల కింద ఎక్కువసేపు పెట్టుకుని డాక్టరు దగ్గరికి పొమ్మని కుర్రాడికి చెప్పాను. ఓనరు నన్ను తిట్టాడు. కుర్రాడు పోయాడో లేదో.

చివరికి పాతబస్తీలో అద్దాల పని చేసే ఒక ముసలాయన దగ్గరికి పంపింది మా అడ్డాలోని ఇంకో డ్రైవరు. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. టేబుళ్ల అద్దాలు, అల్మారా అద్దాల అంచులు నున్నగా చేయడం ఆయన పని. కార్ల అద్దాలు ఎవరైనా తెలిసినవాళ్లు పంపితేనే చూస్తాడు. నోట్లో పాన్, ఒక కంటికి ఆపరేషన్ అయి పెట్టుకున్న నల్లద్దాలు. బండి చుట్టూ తిరిగి, గోరుతో గీరి, నోటితో ఆవిరి ఊది చూశాడు. మగ్గుతో నీళ్లు పోసి ‘‘పోయిందా?’’ అన్నాడు. పోయిందన్నాను. గుడ్డతో తుడిచి ‘‘వచ్చిందా?’’ అన్నాడు. వచ్చిందన్నాను.

‘‘సున్నం నువ్వే తీసేసినవ్ బేటా. ఇది సున్నం కాదు, దాని పంటి గాటు. సున్నం అద్దాన్ని తిన్నది.’’

ఆ మాటతో నాకు కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. సోడియం హైడ్రాక్సైడు సీసాకు గాజు మూత ఎప్పుడూ పెట్టనిచ్చేవారు కాదు, రబ్బరు బిరడానే. క్షారం గాజులోని సిలికాను కరిగించి మూతను సీసాకు అతికించేస్తుందని మాస్టారు చెప్పేవారు. కారు అద్దంలో 70 శాతానికి పైగా ఉండేది ఆ సిలికానే. శ్లాబు నుంచి కారిన నీళ్లూ క్షారమే. ఉత్త నీళ్లు కూడా అద్దం మీద కదలకుండా చాలాకాలం ఉంటే గాజులోని సోడియాన్ని లాక్కుని క్షారంగా మారి అదే పని చేస్తాయి, కాకపోతే నిదానంగా. నా అద్దానికి రెండూ జరిగాయి. సున్నం పైన పేరుకుంటూ ఉంటే, దాని కింద తడి అద్దాన్ని కొరుకుతూ పోయింది. కొరికిన గుంటల్లోకి నీళ్లు చేరితే కాంతి ఇంచుమించు సూటిగా పోతుంది, మచ్చ కనబడదు. నీళ్లు ఆరితే గుంట బయటపడుతుంది. ఇక కడిగి లాభం లేదు. గుంట అడుగు దాకా చుట్టుపక్కల అద్దాన్నే అరగదీయాలి.

చాచా డబ్బాలోంచి లేత గులాబీ రంగు పొడి తీశాడు, సీరియం ఆక్సైడు. కళ్లద్దాల లెన్సులకు మెరుగు పెట్టేది ఇదే. సీరియం దొరికే మోనజైట్ ఖనిజం మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలోనే ఉంటుంది. నేను ల్యాబులో దాని పేరు రాయడమే తప్ప ముఖం చూసింది ఆ రోజే. అది ఉప్పు కాగితంలా గాట్లు పెట్టి గీకదు. నీళ్లతో కలిసి గాజు పైపొరతో రసాయనంగా పట్టుకుని, ఆ పొరను కొద్దికొద్దిగా లాగేస్తుంది. అందుకే అరిగిన చోటు మసకబారకుండా తేటగా వస్తుంది.

ముందు లోపలి వైపు నుంచి మార్కరు పెన్నుతో ప్రతి మచ్చ చుట్టూ గీత గీయమన్నాడు. పని చేస్తుంటే బయట తడితో మచ్చ కనబడదు కాబట్టి గుర్తు లోపల ఉండాలి. రబ్బరు అంచులకు, బానెట్‌కు టేపూ ప్లాస్టిక్కూ కట్టాడు. పొడిని మజ్జిగలా కలిపి, డ్రిల్లు మిషనుకు ఉన్ని బిళ్ల బిగించి, నిదానపు వేగంలో తిప్పాడు. నా పని నీళ్లు చిలకరించడం. ముందద్దం అంటే రెండు గాజు పలకలు, మధ్య ప్లాస్టిక్ పొర. ఒక్కచోట వేడెక్కితే పగిలిపోతుంది. అందుకని కాసేపటికోసారి మిషను ఆపి చేతి వెనక భాగం అద్దానికి ఆనించి చూసేవాడు. ఒకే మచ్చ మీద ఆగిపోకూడదు, చుట్టూ వెడల్పుగా తిప్పాలి. లేకపోతే అక్కడ పళ్లెంలా గుంటపడి, దానిలోంచి చూస్తే రోడ్డు వంకరగా కనిపిస్తుంది. నేను తొందరపడి ‘‘ఇంకొంచెం గట్టిగ నొక్కు చాచా’’ అంటే, మిషను నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. రెండు నిమిషాలకు భుజం పడిపోయింది. నవ్వి తీసుకున్నాడు.

డ్రైవరు వైపు వైపరు తిరిగే మేర అయ్యేసరికి చీకటి పడింది. నిలబడి నిలబడి నా కాల్లో రాడ్డు ఉన్నచోట పోటు మొదలైంది. చాచా అద్దం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యరు లాంటిదేదో పెట్టి పూర్తిగా ఆరబెట్టాడు. దుకాణంలో ట్యూబులైటుకు ఎదురుగా నన్ను సీట్లో కూర్చోబెట్టి, తల మెల్లగా అటూ ఇటూ ఊపమన్నాడు. అద్దంలోంచి చూస్తే ట్యూబులైటు గీత ఒకచోట వెంట్రుకంత వంగి మళ్లీ నిటారైంది, మిగతా అంతా సూటిగా ఉంది. ‘‘అంతే అయితది. ఇంకా తీస్తే అద్దం ఉండదు’’ అన్నాడు. ఎడమవైపు కింది మూలలో లోతైన గాట్లు నాలుగైదు అలాగే వదిలేశాడు. అవి నా చూపుకు అడ్డం రావు.

డబ్బు సగమే ఇచ్చాను, మిగతాది నెలాఖరుకు ఇవ్వమన్నాడు. మిషను ఇవ్వనన్నాడు గానీ కాస్త పొడి, ఉన్ని దిమ్మె ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. చేత్తో రుద్దితే అద్దం పగలదు, మనిషే అలసిపోతాడు అన్నాడు. పక్క అద్దాలు, వెనకద్దం నేనే చేసుకున్నాను. డ్యూటీ లేని పగళ్లలో, ఒక చేయి నొస్తే రెండో చేయి మార్చుకుంటూ, రేడియో పెట్టుకుని. పైపై వలయాలు పోయాయి. లోతువి చేతికి లొంగవు.

డిసెంబరులో బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ముందద్దంలోంచి కనీసం 70 శాతం కాంతి పోవాలన్నది రూలు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు టైర్లు చూశాడు, లైట్లు చూశాడు, రేడియం చూశాడు. అద్దం వైపు చూశాడో లేదో కూడా గమనించలేకపోయాను, నా గుండె దడలో నేనున్నాను. కాగితం చేతికొచ్చింది. ఆ రాత్రే ఎయిర్‌పోర్టు లైన్లో పెట్టాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద స్తంభాల లైట్లు స్తంభాల మీదే ఉన్నాయి.

శ్లాబు సంగతి మాత్రం తెమల్లేదు. సెక్రటరీని కలిసి చెబితే ‘‘మీకు జాగా ఇచ్చిందే మాటసాయం, దానికి మళ్లీ పంచాయితీయా?’’ అన్నాడు. అదీ నిజమే. ఎండాకాలం శ్లాబు పూర్తిగా ఆరాక పగుళ్లు పూడ్చి, మడి కింద వాటర్‌ప్రూఫింగు చేయిస్తామన్నారు. ఫ్లాట్ల వాళ్లు తలా ఇంత వేసుకోవాలి కాబట్టి ఎప్పటికయ్యేనో తెలియదు. ఈలోగా మా బావమరిది ఒక రేకు ముక్క తెచ్చి, గొట్టాలు వేలాడే చోట కింద ఏటవాలుగా కట్టాడు. నీళ్లు గోడవారకు పోతాయి. ఇప్పుడు నేను బండిలో ఒక స్ప్రే సీసాలో మంచినీళ్లు, మెత్తటి గుడ్డ పెట్టుకుంటున్నాను. ఎక్కడైనా చుక్క పడితే ఆరకముందే తుడుస్తాను. బోరు నీళ్లతో కడిగినా ఫరవాలేదు, చివర గుడ్డ ఆడిస్తే చాలు.

సంక్రాంతికి మా ఆవిడను వాళ్ల తమ్ముడి దగ్గర దింపడానికి నాగోలు పోతే, ఆ మూల పక్క జాగాలో కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ల కారుంది. ఇంకా టీఆర్ నంబరే. రేకు అక్కడిదాకా రాదు, కప్పుకు రెండు గొట్టాలు కొత్తగా మొలిచాయి. ఆ అబ్బాయి సాఫ్ట్‌వేరులో పనిచేస్తాడట. చెబితే ‘‘కవర్ వేస్తున్నాను కదా అన్నా’’ అన్నాడు. కవరు పైకెత్తి చూపించాను. బట్ట గుండా దిగిన చుక్క అద్దం మీద అప్పుడే పడినట్టు తడిగా, తేటగా ఉంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోయింది, కింద ఏ గుర్తూ లేదు. పక్కనే ఆరిపోయిన ఇంకో చుక్కను గోరుతో గీరి చూడమన్నాను. గీరాడు. మళ్లీ గీరాడు. తాళం తెచ్చుకోవడానికి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పోయాడు.